అంగుళం మీద నూలు

సత్యవాణి కూర్చుని అయిదు రోజులైంది. అందరూ రోజూ కూర్చుంటారు, ఇందులో చెప్పుకునేదేముంది అనకండి. కోత మిషను పక్కన మూడేళ్ళు నిలబడ్డ మనిషికి కూర్చోవడమంటే ఏమిటో మనకి తెలియదు. ఏటిగట్టు దిగువన, సరుగుడు చెట్ల నీడలో, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వాచిన మోకాళ్ళు రెండూ ముందుకి చాపుకుని, మొగుడు ఒక్కడే మిషను నడుపుకుంటుంటే చూస్తూ కూర్చుంది. నడివేసవి. ఎండకి ఒళ్ళు పేలిపోతోంది. అయినా ఆవిడకి ఆ కుర్చీ సింహాసనంలాగే ఉంది.

వాళ్ళది పాలకొల్లు. ట్రాక్టరు వెనక తగిలించుకుని ఊరూరా తిప్పే కోత మిషను వాళ్ళది. దుంగని బల్ల మీద కదలకుండా బిగిస్తారు. రంపమే పట్టాల మీద దుంగ పొడుగునా నడుస్తుంది. ఒక్కో కోతకీ రంపాన్ని ఎంత దించితే పలక అంత మందం వస్తుంది. దించడానికి ఒక చక్రం, ఎంత దించామో చూసుకోవడానికి స్తంభం మీద ఒక ఇనప స్కేలు, దాని మీద చీమ కాళ్ళంత గీతలు. అంగుళానికి ఎనిమిది గీతలు. ఒక్కో గీతని వడ్రంగులు నూలు అంటారు.

ఆ గీతలు కనపడటం మానేసి ఆవిడ మొగుడు బుల్లబ్బాయికి మూడేళ్ళయింది. షుగరు ముందు కాళ్ళని పట్టుకుంది, తర్వాత కళ్ళని. దుంగ కనిపిస్తుంది, రంపం కనిపిస్తుంది, ఎదురుగా వచ్చే మనిషి కూడా కనిపిస్తాడు. గీతలు మాత్రం అలుక్కుపోతాయి. చూపు తగ్గిన కోతగాడికి దుంగ అప్పజెప్పే వెర్రివాడు గోదావరికి ఈ ఒడ్డున లేడు, ఆ ఒడ్డునా లేడు. అందుకని సత్యవాణి వంటిల్లు కోడలికి వదిలేసి స్తంభం పక్కన నిలబడింది. ఆయన చక్రం తిప్పుతుంటే ఆవిడ గీతలు చూసి, 'ఆపండి' అనేది. ఆయన ఆపేవాడు. చూసినవాళ్ళు, 'అబ్బో, ఆలుమగలు ఒకరినొకరు విడిచి ఉండలేరు' అని వేళాకోళమాడేవాళ్ళు. వీళ్ళిద్దరూ నవ్వి ఊరుకునేవాళ్ళు. గుట్టు గుట్టుగానే ఉండిపోయింది.

ఆ గుట్టులో ఇంకో గుట్టుంది. అది బుల్లబ్బాయికి కూడా తెలియదు.

మొదటి నెలలోనే ఒక రోజు కంట్లో చెమట పడి, సత్యవాణి ఒక నూలు ముందుగా 'ఆపండి' అనేసింది. ఒక రైతు గారి తలుపు చెక్క పలచబడిపోయింది. ఆయన తిట్టలేదు. చెక్కని అటూ ఇటూ తిప్పి చూసి, గోడకి చేరవేసి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆవిడకి. తక్కువైన చెక్కని బ్రహ్మదేవుడు కూడా పెంచలేడు. ఎక్కువైతే చిత్రిక పట్టి తగ్గించుకుంటారు. ఆ రోజు మొదలు ప్రతి కోతకీ ఒక నూలు దాటనిచ్చి అప్పుడు 'ఆపండి' అనడం అలవాటు చేసుకుంది. అంగుళం అడిగితే అంగుళం మీద నూలు. మొగుడికి చెబితే, 'నా కోతకే వంక పెడతావా' అంటాడు. చెప్పలేదు.

మొన్న సంవత్సరాదికి మోకాళ్ళు మరీ మొండికేశాయి. గుజ్జు అరిగిపోయిందనీ, నిలబడే పని మానేయాలనీ రాజమండ్రి డాక్టరు చెప్పాడు. మానేస్తే స్కేలు ఎవరు చూస్తారు? అప్పుడు లేతు షాపు నడుపుకునే తమ్ముడు సురేష్‌బాబు ఆదుకున్నాడు.

"నువ్వు నిలబడక్కర్లేదక్కా. డిజిటల్ మీటరుంది. స్తంభానికి అయస్కాంతం పట్టీ అంటించి, రంపానికి ఈ డబ్బా బిగిస్తే చాలు. ఎంత దింపితే అంత అంకెల్లో చూపిస్తుంది. రంపం తినేసే పొట్టు కూడా అదే లెక్కేసుకుంటుంది. బావగారికి కనపడేలా పెద్దంకెలది తెప్పించాను."

బిగించాడు. అగ్గిపెట్టెలంత ఎర్ర అంకెలు. బుల్లబ్బాయి మూడేళ్ళ తర్వాత మొదటిసారి తన కోత తానే చదువుకున్నాడు. ఆ పూట ఆయన మొహం చూసి సత్యవాణికి కళ్ళనీళ్ళు తిరిగాయి. నూలు సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. మీటరు ఎలాగూ తప్పు చెప్పదు, ఇంక భయమెందుకని మింగేసింది. అక్కడే చిక్కొచ్చిపడింది.

మీటరు పెట్టాక మొదటి పని నరసాపురం అవతల, ఏరు సముద్రంలో కలిసేచోట. వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఇసక మీదకి ఎక్కి మరమ్మతులు చేయించుకుంటున్నాయి. చిన్నమ్మాయి అనే ఆవిడ పడవకి ఒక పక్క ఎనిమిది పలకలు పుచ్చిపోయాయి. ఆ పడవ మీద వేటకెళ్ళేది ఆవిడ మొగుడూ, మరిదీ. ఒడ్డున పెత్తనమంతా ఆవిడదే. ఎక్కడో గాలివానకి పడిన టేకు చెట్టు తెప్పించి సిద్ధంగా ఉంచింది. సగం దుంగ పక్క పలకలకి, సగం లోపలి బల్లలకి. పక్క పలకలు ఎనిమిదీ మొదటి రోజే కోసేశారు. బల్లల సగం అలాగే ఉంచి, వరసలో ఉన్న మిగతా పడవల దుంగలు కోస్తున్నారు.

అయిదో రోజు మధ్యాహ్నం వడ్రంగి అప్పారావు వచ్చాడు. అరవై అయిదు దాటిన మనిషి. ఆ రేవులో సగం పడవలు ఆయన చేతి మీదుగా నీళ్ళలోకి దిగినవే.

"బుల్లబ్బాయి గారండీ, ఒకసారి పడవ కాడికి రావాలండీ," అన్నాడు.

ఆ గొంతు విని సత్యవాణి కూడా లేచింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి.

పడవ పక్కన చిన్నమ్మాయి నిలబడి ఉంది. కొత్త పలక మీద వేలు పెట్టి పైకి జరిపింది. పాత పలక వచ్చేచోట వేలు తట్టుకుని ఆగిపోయింది. పాతవన్నీ నిరుడు ఇదే మిషను మీద కోసినవి, ఇదే అప్పారావు బిగించినవి. కొత్తవి వాటికంటే సరిగ్గా ఒక నూలు లోపలికి ఉన్నాయి. ఎనిమిదింటికి ఎనిమిదీ.

"ఇంకా తొమ్మిది రోజుల్లో వేటకి దిగాలండీ," అంది చిన్నమ్మాయి. "ఈ సందులో కెరటం కొడితే పలకల మధ్య కుక్కిన నార ఊడిపోద్ది. పలచటి పలక మేకు పట్టదు. ఏంటండీ ఇది?"

బుల్లబ్బాయి తొణకలేదు. చిత్రిక పట్టని ముక్క ఒకటి ఇసకలో పడి ఉంటే తీసి టేపు పెట్టమన్నాడు. అప్పారావు పెట్టాడు. సరిగ్గా అంగుళం. నూలు ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"చూశారుగా. నా కోతలో ఏ రోజూ తేడా లేదు. ఇప్పుడు మీటరు కూడా పెట్టించాను. మీరు చిత్రిక ఎంత పట్టారు?"

"ఒక నూలేనండీ. ఎప్పుడూ అంతేనండీ. మీ పలకకి నేను టేపు పెట్టనండీ. నూలు తీసేస్తే సరిగ్గా అంగుళం వచ్చేదండీ ఇన్నాళ్ళూ. మీరు కొసరేస్తున్నారనుకున్నానండీ."

"కొసరా? పలకకి కొసరేంటండీ? అంగుళమంటే అంగుళమే కోశాను ఇన్నాళ్ళూ."

మన దగ్గర కొసరు సంగతి తెలిసిందే. చేపల బజారులో కానీ, కూరల బండి దగ్గర కానీ, పెట్టినవాళ్ళు చెప్పరు, పుచ్చుకున్నవాళ్ళు లెక్క తీయరు. అప్పారావు మూడేళ్ళూ మర్యాదగా ఆ నూలు పుచ్చుకున్నాడు. ఒక్కసారి కూడా పైకి అనలేదు. ఇప్పుడు అన్నాడు, అనగానే అసలు కొసరే లేదని తేలింది.

ఆయన తన చేతులు తిప్పి చూసుకున్నాడు.

"అయితే నాదేనండీ తప్పు. చెయ్యి పోయినట్టుందండీ. గ్లాసు పట్టుకుంటే వణుకుతున్నాయని మా మనవరాలు అంటానే ఉందండీ. చిన్నమ్మాయి గారూ, అంతర్వేదిలో అమ్మిరాజని కుర్రాడున్నాడండీ, మంచి పనోడు. కబురెట్టండమ్మా."

ఆ మాట అని, ఉలులూ బాడిసె గోనెసంచిలో సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఒక్కోదాన్నీ ఇసక దులిపి మరీ పెడుతున్నాడు. బుల్లబ్బాయి మిషను వైపు తిరిగాడు. ఆయనకి అందులో గెలిచానన్న సంతోషం కూడా లేదు. నిజం తేలింది, అంతే అనుకున్నాడు.

సత్యవాణి ఆ గోనెసంచి వైపే చూస్తోంది. ఊరుకుంటే సరిపోతుంది. మీటరు నిజమే చెప్పింది, మొగుడు నిజమే చెప్పాడు, అప్పారావు కూడా నిజమే చెప్పాడు. ముగ్గురూ నిజమే చెప్పాక మిగిలింది తనొక్కతే. నోరు విప్పితే నూలు ఒక్కటే బయటికి రాదు, దాని వెనకాలే మొగుడి కళ్ళ సంగతీ వస్తుంది. ఈ రేవులో తెలిసిందంటే సాయంత్రానికి నరసాపురంలో, రేపటికి పాలకొల్లులో తెలుస్తుంది. కుర్చీ సంగతి సరే సరి, ఆ మిషనుకే పనుండదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఎంత అలిసిపోయానురా దేవుడా అనుకుంది. మూడేళ్ళ అలసటంతా ఆ ఒక్క నిమిషంలో మీద పడింది. అయినా, బంగారం లాంటి చేతులు పెట్టుకుని ఆ ముసలాయన వాటిని చచ్చినవాటిలా చూసుకుంటుంటే చూడలేకపోయింది.

"మీ చెయ్యి పోలేదండీ అప్పారావు గారూ," అంది. "ఆ కొసరు నేనేసిందండీ."

"ఊరుకో సత్యవాణీ," అన్నాడు బుల్లబ్బాయి. ఏం చెబుతుందో ఆయనకి తెలియదు. కళ్ళ సంగతి అయి ఉంటుందని మాత్రం భయపడ్డాడు.

"ఊరుకోలేనండీ. మూడేళ్ళూ ఊరుకున్నాను." చిన్నమ్మాయి వైపు తిరిగింది. "ఆయనకి స్కేలు మీద గీతలు ఆనవండీ. నేను చూసి ఆపమంటే ఆపేవారు. మొదట్లో ఒకరి తలుపుచెక్క నా వల్ల పలచబడింది, మళ్ళీ అలా తగ్గుద్దేమోనని భయమేసి, నేనే ఒక నూలు దాటాక ఆపమనేదాన్ని. ఆయనకి కూడా తెలీదు. మీటరు పెట్టాక ఆ నూలు పోయింది. చెప్పాల్సింది నేను. చెప్పలేదు."

అప్పారావు చేతిలో ఉలి అలాగే ఉండిపోయింది. బుల్లబ్బాయి పెళ్ళాం మొహం చూడలేదు. ఏటి వైపు తిరిగి నిలబడ్డాడు. అంతవరకూ అంగుళమంటే అంగుళం అని చెప్పుకున్న మనిషి. మూడేళ్ళుగా ఏ ఒక్క రోజూ తాను అనుకున్నది కోయలేదని, పది మంది తిరిగే రేవులో ఇప్పుడు విన్నాడు. సిగ్గుతో ఆయన మెడ వెనక భాగం కూడా ఎర్రబడింది. అది చూసి సత్యవాణి లోపల చచ్చిపోయింది.

చిన్నమ్మాయి పలచబడ్డ పలకల్ని ఒక్కోటీ తడిమి చూసింది. తర్వాత అప్పారావుని అడిగింది.

"బల్లలకని ఉంచిన సగం దుంగలో ఎనిమిది పలకలొస్తాయా?"

"వస్తాయండీ. ఈ పలచబడ్డవి లోపల బల్లలకి సరిపోతాయి. కానీ ఇంకోసారి తేడా వస్తే మాత్రం దుంగ లేదండీ."

"తేడా రాదు," అన్నాడు బుల్లబ్బాయి, అటు తిరిగే. "మీటరు మీద అంగుళం మీద నూలు పెట్టి దింపుతాను. అంకెలు నాకు కనపడతాయి." మూడేళ్ళలో మొదటిసారి పైకి ఒప్పుకున్నాడు, అదీ సగమే.

"ఆయ్, కనపడతాయండీ. కాదన్లేదు," అంది చిన్నమ్మాయి. "కోత మీదే. మీరే కొయ్యండి. కానీ ఆపమని చెప్పేది మాత్రం ఆవిడవ్వాలి."

"మీటరు కూడా అదే చెబుద్దండీ," అంది సత్యవాణి. ఆవిడ గొంతులో బతిమాలడం ఆవిడకే వినిపించింది. "నాకంటే బాగా చెబుద్దండీ."

"చెబుద్దమ్మా. కానీ నా పడవెక్కేది ఎవరో ఆ డబ్బాకి తెలీదు కదా. తలుపుచెక్క పాడైతేనే మీకు భయమేసింది. ఆ భయమున్న మనిషి కావాలి నాకు."

పొగిడి మరీ నిలబెట్టేసింది. తిట్టినా తప్పించుకోవచ్చు కానీ, ఇలాంటి మాట నుంచి తప్పించుకోవడం ఎవరి తరం? నిజం చెప్పినందుకు మిషను మిగిలింది, పని మిగిలింది, దాంతోపాటు స్తంభం పక్కన తన చోటు కూడా తనకి మిగిలింది. సత్యవాణికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏదీ చేసే ఓపిక లేక చెంగు బొడ్లో దోపుకుని నడిచింది.

దుంగ ఎక్కించి బిగించేసరికి నాలుగు దాటింది. బుల్లబ్బాయి ఇంజను తిప్పాడు. ఆవిడ స్తంభం పక్కన నిలబడి, ఒక చేత్తో స్తంభాన్ని పట్టుకుని, పాత స్కేలు మీదకి వంగింది. ఆయన మీటరు వైపు చూడలేదు. కళ్ళు దించుకుని చక్రం తిప్పుతున్నాడు.

"అంగుళం," అంది. చక్రం కదులుతూనే ఉంది. "నూలు. ఆపండి."

మొదటి పలక దిగింది. అప్పారావు టేపు పెట్టి చూసి తలాడించాడు. రెండోది దిగింది. మూడోదానికి దుంగ మీది పొట్టు తుడుస్తూ బుల్లబ్బాయి ఇంజను జోరు తగ్గించాడు. పడవ దగ్గర్నుంచి వచ్చాక ఆయన పెళ్ళాంతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

"మోకాళ్ళు నొప్పెడుతున్నాయా?" అన్నాడు, పొట్టు వైపే చూస్తూ.

ఈ మూడేళ్ళలో ఆయన ఆ మాట అడగలేదు. ఎప్పుడైనా అడిగితే 'అబ్బే, లేదండీ' అనాలని ఆవిడ మొదటి నెల నుంచీ సిద్ధంగా ఉంది.

"నొప్పెడుతున్నాయండీ," అంది సత్యవాణి. "చాలా. ఇంకా ఆరున్నాయి, కానివ్వండి."