ముల్లు ఎత్తేదాకా

ఆదివారం పదకొండు గంటలకు బిట్రగుంట రైల్వే ఇన్‌స్టిట్యూటు తలుపులు తెరుచుకునేవి. క్యారం బోర్డులు గోడకు ఆనించి, బెంచీలు దగ్గరికి జరిపి, మూలనున్న రేడియోగ్రామ్ మీద గుడ్డ తీసి దుమ్ము తుడవడం హెబ్రోను పని. అతను లోకో షెడ్డులో ఫైర్‌మన్. ఇరవై మూడేళ్ళు, చెవులు కప్పేసే జుట్టు. సిల్వర్ కైట్స్ అభిమాన సంఘం బిట్రగుంట శాఖకు సెక్రటరీ. మిగతా శాఖలు ఎక్కడున్నాయో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

సిల్వర్ కైట్స్ అంటే మద్రాసులో నలుగురు కుర్రాళ్ళు. మూడు గిటార్లు, డ్రమ్ములు, ఇంగ్లీషు పాటలు. వాళ్ళ మొదటి పెద్ద గ్రామఫోను ప్లేటు రెండేళ్ళ కిందట వచ్చింది. అది తిరుగుతున్నంతసేపూ బిట్రగుంటలో ఉన్న బండి కదిలేది కాదు. ఇంజన్లో ఆవిరి నిండుగా ఉంటుంది, సిగ్నలు చెయ్యి వాలి ఉంటుంది, గార్డు పచ్చజెండా ఊపుతూనే ఉంటాడు, చక్రం మాత్రం తిరగదు. ఇక్కడ ముల్లు ఎత్తగానే అక్కడ బండి ఏమీ ఎరగనట్టు బయల్దేరుతుంది. మొదట్లో రెండు మూడుసార్లు ఇంజన్ విప్పి చూశారు. తర్వాత స్టేషన్ మాస్టరు విసుగెత్తి ఒక కాగితం రాసి ఇన్‌స్టిట్యూటు గోడకు అంటించాడు: "ప్లాట్‌ఫారం మీద బండి ఉండగా సిల్వర్ కైట్స్ ప్లేటు వేయరాదు." దాని పక్కనే "ఉమ్మి వేయరాదు" అని ఇంకో కాగితం ఉండేది. రెండింట్లో జనం పాటించింది మొదటిదాన్నే.

1967 నవంబరులో రెండో ప్లేటు వచ్చింది. బుకింగ్ క్లర్కు కొడుకు జయకుమార్ దాన్ని మద్రాసు నుంచి తువ్వాలులో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, ఏడు గంటలసేపు కాలు కదపకుండా తెచ్చాడు. అది గురువారం.

అదే గురువారం హెబ్రోను చెల్లెలు ఆనందకుమారికి ఒక ఉత్తరం వచ్చింది. మద్రాసులో నర్సు ట్రైనింగు. సోమవారం పొద్దున ఎనిమిదికల్లా హాజరు కావాలి. పోయినేడూ ఇలాంటి ఉత్తరమే వచ్చింది. అప్పుడు హెబ్రోను వచ్చే యేడు చూద్దామన్నాడు. ఈసారి ఉత్తరం కింద ఇంకో వాక్యం కూడా ఉంది: ఇప్పుడు రాకపోతే మళ్ళీ పిలవరు.

వాళ్ళ క్వార్టర్సు వంటింటి కిటికీ సరిగ్గా యార్డు వైపు. పొద్దున లేచింది మొదలు బండ్లే. వచ్చి, ఇంజన్ మార్చుకుని, నీళ్ళు పట్టుకుని వెళ్ళిపోతాయి. ఆ ఊచల వెనక నిలబడి ఆనందకుమారి పందొమ్మిదేళ్ళుగా బండ్లను సాగనంపుతోంది. ఎక్కి వెళ్ళింది మాత్రం ఇటు కావలి దాకా, అటు నెల్లూరు దాకా.

"అన్నా, సోమవారం ఎనిమిదికంతా ఆడ ఉండాలంట," అంది, అన్నం వడ్డిస్తూ.

"ఎవురు?"

"నేను."

హెబ్రోను ముద్ద మింగి, నీళ్ళు తాగాడు. "అమ్మకు కండ్లు కనపడవు. నేను డ్యూటీ దిగొచ్చేసరికి అన్నం ఎవురు వండుతారు?"

"నువ్వు వినే పాటలన్నీ యాడికో పోయే పాటలే గదన్నా. నేను పోతానంటే ఎందుకు కోపం?"

"నన్ను పోనిచ్చినారా ఎవురైనా?" గిన్నె పక్కకు నెట్టాడు. "నాయన పోయిన పదో రోజు నా చేతికి పార ఇచ్చి బొగ్గు ముందర నిలబెట్టినారు. కోర్టర్సు నిలబడాలన్నారు. నేను నిలబడలా? నువ్వూ నిలబడు."

అది అబద్ధం కాదు. ఆమె గిన్నె తీసుకుని కడగడానికి వెళ్ళింది. శుక్రవారం నుంచి హెబ్రోను డ్యూటీకి పోతూ వీధి తలుపుకు బయట తాళం వేయడం మొదలుపెట్టాడు. పెరటి గోడ మీద గాజు పెంకులు ఎప్పటినుంచో ఉన్నాయి. అవి దొంగల కోసం పెట్టినవి.

తల్లి రెబెక్కమ్మ అటూ ఇటూ ఏమీ అనలేదు. ఆమె రెండు కళ్ళకూ శుక్లాలు. వెలుగు తెలుస్తుంది, మనిషి తెలియదు. గుడిలో, అంటే చర్చిలో, పాట ఎత్తేది ఆమే. ఆమె గొంతు కలపకపోతే సంఘానికి శ్రుతి కుదరదు. కొడుకు ఇష్టపడే పాటలను మాత్రం తగరపు డబ్బాల మోత అని కొట్టిపారేసేది. ఆదివారం హెబ్రోను ఆమెను చెయ్యి పట్టి బయటికి తెచ్చి, చెల్లెల్ని లోపలే ఉంచి తాళం వేసి, తల్లిని జాగ్రత్తగా గుడి మెట్లు ఎక్కించి, ఇన్‌స్టిట్యూటుకు వెళ్ళాడు. మెట్ల మీద వాన నీళ్ళున్నాయని తన తువ్వాలుతో తుడిచి మరీ ఎక్కించాడు. చెడ్డవాడైతే కోపగించుకోవడం తేలికయ్యేది.

ఇన్‌స్టిట్యూటులో ఇరవై మంది దాకా చేరారు. కోవూరు నుంచి జయరామయ్య అనే రైతు నాట్లు మధ్యలో వదిలేసి, బురద కాళ్ళతోనే బస్సెక్కి వచ్చాడు. ప్లేటు మొదలైనప్పుడు అందరి మొహాలూ పెళ్ళివారి మొహాల్లా ఉన్నాయి. రెండో పాటకు చూపులు నేలమీదికి దిగాయి. డ్రమ్ము లేదు. గిటారు ఎక్కడో దూరాన మూలుగుతోంది. ఎవరో హార్మోనియం లాంటిది వాయిస్తున్నారు. పాట ఎద్దులబండి కన్నా మెల్లగా పోతోంది. పదకొండున్నరకు యార్డులో ఒక గూడ్సు కదలకుండా నిలబడి కూతలు పెట్టింది. ఆ మాత్రం శక్తి కొత్త ప్లేటుకూ ఉందని తేలింది. అది ప్లాట్‌ఫారం మీద లేదు కాబట్టి ఎవరూ లేవలేదు. ఆఖరి పాట అసలు అయిపోలేదు. ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటూ ముల్లు చివరి గాడిలోనే తిరుగుతూ ఉండిపోయింది. పన్నెండూ ఇరవైకి, మద్రాసు వెళ్ళే పాసింజరు వచ్చే వేళకు, హెబ్రోనే లేచి ముల్లు ఎత్తాడు.

"నాట్లు వదిలేసి వస్తే ఇదా?" అన్నాడు జయరామయ్య.

"డ్రమ్ములాయన అలిగి పోయినట్టుండాడు," అన్నాడు జయకుమార్. "దీన్ని ఒళ్ళో పెట్టుకోనొచ్చి నా కాళ్ళకు ఇంగా తిమ్మిరి పోలా."

"మీకు అర్థం కాలా," అన్నాడు హెబ్రోను. "ఆఖరిది ఇంగోసారి ఇంటే తెలస్తాది."

"ఇంగోసారా? తండ్రీ, నమస్కారం," జయరామయ్య చేతులు జోడించాడు.

నవ్వారు. హెబ్రోనుకు మొహం మండిపోయింది. ఆ పాట వింటుంటే ఎవరో షెడ్డులో నిలబడి తనను చూసి రాసినట్టనిపించింది. పార, కొలిమి, పార, కొలిమి. ఆ సంగతి చెప్పేలోపే బెంచీలు కదిలాయి. రెండేళ్ళు కలిసి విన్న స్నేహితులు చెప్పులు వెతుక్కుంటుంటే ఒంటరిగా అనిపించింది.

అప్పుడే రెబెక్కమ్మ కర్రతో తడుముకుంటూ మెట్లెక్కింది. గుడి నుంచి అక్కడికి ఎన్ని అడుగులో ఆమెకు లెక్క. "అబ్బయా, గుడి వదిలిపెట్టినారు. ఇంటి తాళం ఇస్తే పోతా."

ఇంకో రోజైతే వెంట వెళ్ళేవాడే. "లోపల గొళ్ళెం పెట్టుకోమ్మా. బండి పోయినాక వస్తా," అని తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, జయకుమార్‌తో వాదనకు తిరిగాడు.

ఇల్లు నాలుగు గుమ్మాల అవతలే. రెబెక్కమ్మ వేలితో తాళం రంధ్రం వెతికి తలుపు తీసింది. ఆనందకుమారి రేకుపెట్టె మీద కూర్చుని ఉంది. శుక్రవారం నుంచీ ఆ పెట్టె సర్దే ఉంది.

"లే పాపా. బండొచ్చింది."

"ఇంజన్ గూడా తగిలించినారమ్మా, శబ్దం ఇన్నా. వంతెన చుట్టి పోవాల. బురద, పెట్టె. అందుకోలేను. రాత్రి మెయిలుకైతే అన్న ఇంట్లోనే ఉంటాడు." ఏడుపు ఆపుకోలేకపోయింది. "ఐపాయెమ్మా."

"నువ్వు నడు. పరిగెత్తొద్దు, పడతావు," అంది రెబెక్కమ్మ. "బండి నేనాపిస్తా."

ఆనందకుమారి తల్లి మొహంలోకి చూసింది. "నీకు అన్నం?"

"కండ్లు లేవుగానీ చేతులుండాయి గదా." కూతురి తలమీద చెయ్యి పెట్టి పెదాలు కదిపింది. ప్రార్థన ఎంత పొడుగైనా చేయగల మనిషి, ఆ రోజు ఒక్క ముక్కలో ముగించింది.

ఆమె మళ్ళీ ఇన్‌స్టిట్యూటు మెట్లెక్కేసరికి సగం మంది వెళ్ళిపోయారు. హెబ్రోను ప్లేటును అట్టలో పెడుతున్నాడు.

"అబ్బయా, ఆ కొత్త పాట నాకు ఇనిపిస్తావా?"

జయకుమార్ పకపకా నవ్వాడు. హెబ్రోను తల్లివైపు తిరిగాడు. "నీకా? ఇప్పుడు బండి ఉండాది గదమ్మా."

"అందరూ బాగలేదంటా పోతుండారు. నువ్వొకడివే బాగుందంటివి. నువ్వు బాగుందన్నదాంట్లో ఏముందో ఇనాలని వచ్చినా. వద్దంటే పోతాలే."

పొద్దుటినుంచీ ఆ మాట కోసమే ఎదురుచూశాడు. గోడమీది కాగితం వైపు ఒకసారి చూసి, కుర్చీ తెచ్చి తల్లిని రేడియోగ్రామ్ పక్కనే కూర్చోబెట్టాడు.

"ఏది ఏసేది?"

"ఆఖరిది."

ముల్లు దిగింది. స్టేషన్లో గార్డు ఈల వినిపించింది. ఇంజన్ కూత వేసింది, మళ్ళీ వేసింది, ఊరుకుంది.

రెబెక్కమ్మ తల వంచి విన్నది. వంకతో వచ్చిన మనిషే అయినా పాట తెలిసిన చెవులు కదా, ఊరికే ఉండలేవు. "ఏమంటాండారు?"

"'కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను' అంటాండారమ్మా. మళ్ళీ మళ్ళీ అదే."

"ఎవురు నిలబడుండేది?"

"పాటలో మనిషి."

"అంతసేపు నిలబడితే కాళ్ళు నొప్పెయ్యవా?"

"అదేనమ్మా పాట. పోలేడు."

"ఎందుకు పోలేడు?"

ప్లేటు తిరుగుతూనే ఉంది. పావుగంట, అరగంట. బయట కూతలు పెరిగాయి. మిగిలినవాళ్ళు కూడా, ముసలావిడ వింటోందని, లేవకుండా వింటున్నారు. రెండోసారి వింటే అంత చెడ్డగా లేదని జయరామయ్యకు అనిపించింది గానీ బయటికి అనలేదు.

అప్పుడు స్టేషన్ పోర్టరు చెంగయ్య రొప్పుతూ వచ్చాడు. "సెక్రటరీ, మాస్టరుగారు అడగమన్నారు. ఇంగా ఎంతసేపు? గార్డు తిడతాండాడు. ఎక్కాల్సినోళ్ళంతా ఎక్కినారు. మీ చెల్లెలు గూడా ఎక్కింది, పెట్టె నేనే అందించినా. ఇంగ దేనికి ఆపినారు?"

హెబ్రోను తల్లి మొహంలోకి చూశాడు. ఆమె మొహం ఎటూ తిరగలేదు.

ఎనిమిది నిమిషాలు పరిగెత్తితే ప్లాట్‌ఫారం. పాట తిరుగుతున్నంతసేపూ బండి కదలదు. ఆ సంగతి అతనికి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు.

"చెంగయ్యా, ముల్లు ఎత్తనీయబాకు!" అని అరిచి మెట్లు దూకాడు.

చెంగయ్యకు ఏమీ అర్థం కాలేదు. రెబెక్కమ్మ చెయ్యి చాచింది. వెచ్చటి చెక్క, అంచు, తిరుగుతున్న ప్లేటు గాలి. ముల్లు బిగించిన కడ్డీ వేళ్ళకు తగిలింది. దాన్ని ఎలా ఎత్తాలో ఆమెకు తెలియదు. పట్టుకుని లాగేసింది. గుడ్డ చించినట్టు చప్పుడై పాట తెగిపోయింది.

వీధి చివరనున్న వంతెన మొదటి మెట్టు మీద హెబ్రోనుకు పొడుగాటి కూత వినిపించింది. పైకెక్కి చూసేసరికి పెట్టెలు ఒకదాని వెనక ఒకటి కిందనుంచి జారిపోతున్నాయి. ప్రతి కిటికీలోనూ ఎవరో ఒకరున్నారు. అందులో ఆమె ఏదో తెలియలేదు.

అతను తిరిగొచ్చేసరికి అందరూ వెళ్ళిపోయారు. రెబెక్కమ్మ అదే కుర్చీలో ఉంది.

"గీత పడిందా అబ్బయా?"

ప్లేటును వెలుతురుకు పట్టి చూశాడు. చివరి గాడి నుంచి అంచుదాకా పడింది. "పడింది."

"పాట బాగుండాది," అంది. "నిజంగానే. ఆ మనిషి నిలబడిపోవడమే బాగలా." తాళంచెవి అతని చేతిలో పెట్టింది. "రా, ఆకలేస్తాంది. బియ్యం కడుగుదువు."

గీత పడిన ప్లేటు ఆ తర్వాత ఏ బండినీ ఆపలేదు. స్టేషన్ మాస్టరు కాగితం మాత్రం ఇంకా చాన్నాళ్ళు గోడమీదే ఉంది.

ఆ మధ్యాహ్నం హెబ్రోను పొయ్యి రాజేశాడు. బొగ్గు అతనికి కొత్త కాదు. నీళ్ళు ఎన్ని పోయాలో అడిగితే తల్లి వేలు ముంచి చూసుకోమంది. ఎసరు మరిగేదాకా ఆ వంటింటి కిటికీ దగ్గరే, ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. ఒక గూడ్సు వెళ్ళింది, మద్రాసు వైపు నుంచి ఒక మెయిలు వచ్చింది, ఇంజన్ మార్చుకుని అదీ వెళ్ళింది. కాసేపటికి కాళ్ళు నొప్పి పుట్టాయి.