రేపల్లె నెట్ సెంటర్లో పుట్టిన తాళంచెవి

నేను ఒక తాళంచెవిని. ఇనుముదాన్ని కాను, ఇత్తడిదాన్నీ కాను. మొలతాడుకు కట్టుకుందామన్నా చేతికి అందను. ఒట్టి అంకెలతో అయిన ఒళ్ళు నాది. రేపల్లె బస్టాండు వెనక పోలిశెట్టి నెట్ సెంటర్లో, పెళ్ళి ఊరేగింపు బాజాల మధ్య పుట్టాను. అంత ఆర్భాటంగా ఏ జమీందారు బిడ్డ పుట్టిందో చెప్పండి!

పుట్టకముందు సంగతులు బ్రౌజరు చెప్పగా విన్నవి. బయటివాళ్ళ దగ్గర గప్‌చిప్ గానీ, సొంతవాళ్ళ దగ్గర దాని నోట్లో నువ్వుగింజ నానదు.

ఆరోజు సాయంత్రం ఐదులోపు సలోమి తన నర్సింగు సీటు ఒప్పుకుంటున్నానని వెబ్‌సైటులో నొక్కాలి. నొక్కకపోతే సీటు వెనకవాళ్ళకి పోతుంది. ఆమె నాన్న దేవదానం బ్యాండుమేళంలో క్లారినెట్ వాయిస్తాడు. కూతురు లోపల కూర్చుని ఉంటే ఆయనకి కాలు నిలుస్తుందా? ఊరేగింపు మొత్తాన్ని నెట్ సెంటరు ముందుకు లాక్కొచ్చి ఆపేశాడు. గుర్రం మీద పెళ్ళికొడుకు చెమటలు కక్కుతున్నాడు.

"ఏమైంది తల్లీ?" పాటకీ పాటకీ మధ్య గుమ్మంలోంచి కేక.

"తెరుచుకోవట్లేదు నాన్నా! ఈ సైటు నమ్మొద్దంటోంది!"

"అది అలాగే అంటదిలే. ముందుకెళ్ళు అని నొక్కమ్మాయ్," అన్నాడు పోలిశెట్టి.

"పాస్‌వర్డు కొట్టాలి బాబాయ్. దొంగసైటైతే?"

అసలు జరిగిందేమిటంటే, అవతల సర్వరు మర్యాదగా పలకరించి తన గుర్తింపు పత్రం చూపించింది. పేరు సరిపోయింది. కింద సంతకం అందరూ నమ్మే పెద్దమనిషిదే. తేదీ దగ్గరే పేచీ. పత్రం ఈ ఏడాది ఇచ్చింది. పోలిశెట్టి కంప్యూటరులో ఇంకా రెండేళ్ళ కిందటి ఏడాదే నడుస్తోంది. ఇంకా పుట్టని పత్రం ఎక్కడిదని బ్రౌజరు గుడ్లురిమింది. మనిషైతే "సర్లే, మనవాడే" అని వదిలేసేవాడు. ఎన్ని కొంపలు అలా మునగలేదు!

గోడకి ఆ పెళ్ళి శుభలేఖే అంటించి ఉంది. సలోమి దాన్ని చూసింది, తెర మూలన తేదీని చూసింది.

"బాబాయ్, శుభలేఖలో ఒక ఏడాది, నీ కంప్యూటర్లో ఇంకో ఏడాది. ఏది నిజం?"

పోలిశెట్టి నాలిక్కరుచుకున్నాడు. శుభలేఖలు వేసే సాఫ్ట్‌వేరు నెలరోజులు ఉచితం. ఆ నెల అయిపోకుండా గడియారాన్ని వెనక్కి తిప్పుకుంటూ వస్తున్నాడు. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ ఆ ఒక్క నెలలోనే అచ్చయ్యాయి!

"అదొక కిటుకమ్మా…"

"నీ కిటుకు తగలెయ్య! తిప్పవయ్యా ముందుకి!" దేవదానం క్లారినెట్ తుపాకిలా గురిపెట్టాడు.

తిప్పాడు. బ్రౌజరు మొహం విప్పారింది. అప్పుడు పుట్టాన్నేను!

ఎలాగంటే, బ్రౌజరూ సర్వరూ నలుగురూ చూస్తుండగానే ఒకే రకం అంకెల పిండి తీసుకున్నారు. ఎవరి గుప్పెట్లోని దినుసు వాళ్ళు కలిపి, ఆ ముద్దలు మార్చుకున్నారు. అందినదాంట్లో మళ్ళీ తమ దినుసే కలిపారు. రెండుచోట్లా ఒకే రుచి వచ్చింది. ఆ రుచే నేను! దారిలో ముద్దలు చూసినవాడు ఎంత మొనగాడైనా, పిసికిన పిండిలోంచి దినుసు ఏరలేడు. నన్నెవరూ ఎవరికీ పంపలేదు. రెండిళ్ళలో పుట్టిన ఒక్కదాన్నే.

సలోమి కొట్టిన పాస్‌వర్డుకీ, ఒప్పుకోలుకీ తాళం వేశాను. దారి పొడుగునా ఎన్ని కళ్ళు! ఒక్కరికీ ముక్క అర్థంకాలేదు. అవతల నేనే విప్పాను. తిరుగు జవాబుకి మళ్ళీ తాళం, మళ్ళీ ఇవతల విప్పడం. 'మీ సీటు ఖరారైంది!' అని ఉంది అందులో.

"వచ్చేసింది నాన్నా!"

దేవదానానికి నవ్వాగక క్లారినెట్ కీచుమంది. డప్పులు రేగాయి. గుర్రం ఎగిరింది, పెళ్ళికొడుకు దాని మెడ కావలించుకున్నాడు.

"మా బావ పెళ్ళికి వాయిస్తన్నావా, నీ కూతురి సీటుకా?" అని అరిచాడు బామ్మర్ది.

"రెంటికీ బాబూ! ఈ పాట ఊరికే!"

మనుషులు కూలిపోయిన ఇంటి తాళంచెవిని కూడా మేకుకి తగిలించుకుంటారు. నన్ను మాత్రం, సలోమి బ్రౌజరు మూయగానే రెండువైపులా చెరిపేశారు. మంచిదేలెండి. నేను మిగిలితే ఆమె పాస్‌వర్డు ఏ దొంగకో చిక్కేది.

పోతూ పోతూ ఒకటి చూశాను. పోలిశెట్టి చెయ్యి మళ్ళీ గడియారం మీదికి పోయింది. ఇంకో శుభలేఖ వేయాలట. రెండేళ్ళు వెనక్కి!

ఇక ఆ కంప్యూటరు లెక్కన నేనింకా పుట్టనే లేదు. పోవడమెక్కడిది?