అన్నయ్యది కోపం కాదట

పుస్తకాలు బైండు చేసే ఆ దుకాణంలో అన్నాచెల్లెళ్లిద్దరే పనివాళ్లు. అన్నయ్య కాగితాలు కోసేవాడు, చెల్లెలు కుట్టి అట్టలు వేసేది. అన్నయ్యకు ముప్పై ఏళ్లకే బీపీ వచ్చింది. మూడు రకాల మాత్రలు మింగినా దిగేది కాదు. తల పట్టుకుని కూర్చునేవాడు, చిన్న మాటకే కస్సుమనేవాడు.

"ముక్కు మీద కోపం పెట్టుకుంటే బీపీ ఎలా దిగుతుంది?" అని ఇంటిల్లిపాదీ అతన్నే తప్పుపట్టారు. అందరికంటే ఎక్కువగా అన్నది చెల్లెలే. నలభై నాలుగేళ్లకు అతని కిడ్నీలు చేతులెత్తేశాయి. డయాలసిస్ మీద పదకొండు నెలలు లాక్కొచ్చి పోయాడు. చివరిసారి ఆసుపత్రికి బయల్దేరుతుంటే కూడా, "నీ కోపమే నిన్ను తినేసింది, అన్నయ్యా" అందామె. అతను చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఏమైనా అనుంటే బాగుండేది.

అతను పోయిన రెండో ఏడు, దుకాణం మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. మేడ మీది గదికి పదిహేడు మెట్లు. జబ్బు ముదరకముందు నుంచే అన్నయ్య వాటిని కాలీడ్చుకుంటూ ఎక్కేవాడు. ఒక అడుగు, ఆ వెనకే సర్రుమని ఒక ఈడ్పు. ఇప్పుడు ఆమె ఎక్కుతుంటే వెనకాల అదే చప్పుడు. ఆగితే అదీ ఆగేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు.

"నోరు జారాను, అన్నయ్యా. ఇక వదిలెయ్" అని పట్టపగలు ఖాళీ మెట్లను బతిమాలేది.

ఒక ఉదయం కాగితాల కట్ట ఎత్తుకుని ఎక్కుతుంటే సగంలో ఆమె కాలు పైకి లేవలేదు. వంగి చూసుకుంది. చెప్పు మెట్టును రాసుకుంటోంది. ఇన్నాళ్లూ విన్నది తన అడుగులే. భయం తగ్గాల్సింది పోయి రెట్టింపయింది.

డాక్టరమ్మ బీపీ చూసింది. నూట తొంభై. రక్తంలో పొటాషియం బాగా పడిపోయిందని పరీక్షలో తేలింది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా?"

"మా అన్నయ్యకండీ. ఆయన కాస్త కోపిష్టి."

డాక్టరమ్మ ఆ మాట పట్టించుకోలేదు. మరికొన్ని పరీక్షలు, స్కానింగు అయ్యాక కాగితం మీద బొమ్మ గీసింది. "కిడ్నీ నెత్తిన టోపీలా ఓ చిన్న గ్రంథి ఉంటుందమ్మా. మీ ఎడమవైపు దాంట్లో బఠానీ గింజంత గడ్డ ఉంది. అది హార్మోను అతిగా వదులుతోంది. దాంతో ఉప్పు ఒంట్లోనే ఉండిపోతుంది, పొటాషియం మూత్రంలో పోతుంది. అందుకే బీపీ పెరుగుతుంది, కాళ్లు పట్టుతప్పుతాయి. ఆ ఒత్తిడి ఏళ్లతరబడి ఉంటే కిడ్నీల్లో రక్తం వడపోసే సన్నటి నాళాలు పాడైపోతాయి."

"మరి మా అన్నయ్యకి?"

"చూడకుండా చెప్పలేను. ఆయన పాత రిపోర్టులుంటే పట్టుకురండి."

వదిన బీరువా అడుగునుంచి ఫైలు తీసి ఇచ్చింది. కిడ్నీలు చెడకముందు, తొమ్మిదేళ్ల నాటి కాగితంలో పొటాషియం అంకె ఉంది. బాగా తక్కువ. ఎవరూ దాని గురించి అడిగిన పాపాన పోలేదు.

"ఇదే జబ్బు అయుండొచ్చు. ముందే పట్టుకునుంటే మందులకు లొంగేది" అంది డాక్టరమ్మ. "ఆయన పిల్లల్ని కూడా ఓసారి చూపించండి."

చెల్లెలికి ఆపరేషన్ అయింది. గడ్డ తీసేశాక నెల తిరక్కుండానే కాళ్లలో బలం వచ్చింది. బీపీకి ఒక్క మాత్ర సరిపోతోంది. ఆ వెంటనే వదిననూ, పదహారేళ్ల మేనకోడలినీ వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. పిల్లకూ బీపీ ఎక్కువే. రక్తపరీక్షలో అదే హార్మోను ఎక్కువగా ఉందని తేలింది. కిడ్నీలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. మందు అప్పుడే మొదలుపెట్టారు.

పిల్ల మందుల చీటీ పట్టుకుని షాపు వైపు వెళ్లింది. వదిన మాత్రం వరండాలో బల్ల మీంచి లేవలేదు. ఒళ్లో ఫైలు అలాగే ఉంది.

"ఆయనది కోపం కాదన్నమాట" అంది.

"కాదట, వదినా."

"ఈ మాట ఆయనకెవరు చెప్తారు?"

చెల్లెలు వదిన పక్కనే కూర్చుండిపోయింది.