ఇంకా ఏడుగురు రావాలి

సాల్మన్‌రాజుకి ఆఫీసులో ప్రమోషన్ వచ్చింది. అందుకని ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఇంట్లో కృతజ్ఞత కూడిక, వచ్చే నలభై మందికీ చికెన్ పలావు. దేవుడికి కృతజ్ఞత చెప్పుకునేది సాల్మన్‌రాజు, పలావు వండేది అతని భార్య శాలిని. అందుకే శనివారం మధ్యాహ్నం ఆమె వంటింట్లో నేల మీద కూర్చుని కిలో వెల్లుల్లి వొలుస్తోంది. గోళ్ళ కింద మంట. వెల్లుల్లి వొలిచిన చేతికి బంగారు గాజు తొడగాలని ఎవరికీ తోచదు గానీ, పలావులో వెల్లుల్లి తక్కువైతే మాత్రం పదిమందికీ తోస్తుంది.

ఎదురుగా పోపుల డబ్బాకి ఆనించిన ఫోనులో ఒక పడవ ఒడ్డుకి కట్టేసి ఉంది. పడవలో ఎనిమిది పీటలు. ఒక పీట మీద చిన్న బొమ్మ, అది శాలిని. మిగతా ఏడూ ఖాళీ. పైన పెద్ద అక్షరాలతో "ఇంకా ఏడుగురు రావాలి" అని రాసి ఉంది. పదకొండు రోజులుగా అదే మాట.

"ఏటమ్మా అది? ఆ పడవ కదల్దు, నువ్వూ కదలవు," అంది అత్తగారు ప్రేమావతి, మోకాళ్ళకి మందు రాసుకుంటూ.

"చేతులు కదులుతున్నాయి కదా అత్తయ్యా."

"నీతో నెగ్గలేం," అని ఆవిడ మళ్ళీ మోకాలి మందు పనిలో పడింది.

శాలినిది పాయకరావుపేట. కంప్యూటర్లు చదివింది. పెళ్ళయి నర్సీపట్నం వచ్చాక ఏదైనా స్కూల్లో చేరతానంటే సాల్మన్‌రాజు చాలా మర్యాదగా, "చేరు, నేనొద్దన్నానా? అమ్మ మోకాళ్ళు చూస్తున్నావుగా, ఇంట్లో ఎవరుంటారో నువ్వే ఆలోచించు," అన్నాడు. ఆలోచించే పని కూడా ఆమెకే వేశాడన్నమాట. నాలుగేళ్ళయింది. ఆ ఆలోచన ఇంకా అవలేదు.

ఓ మధ్యాహ్నం ఊసుపోక, పదిమంది కలిసి ఆడే ఆన్‌లైన్ ఆట ఒకటి దించుకుంది. మొదట ఒక గది వచ్చింది. మిగతావాళ్ళు వచ్చేదాకా అందులో కూర్చోవాలట. గోడలకి పటాలు, మెత్తటి కుర్చీలు, సన్నగా సంగీతం. ఎవరో ఎంతో ముచ్చటపడి సర్దిన గది. గంట కూర్చుంది, ఒక్క ప్రాణి రాలేదు. ఆ గదిని ఎక్కడో చూసినట్టే ఉందనిపించింది. కంచాలు పెట్టి, మంచినీళ్ళు పోసి, వీధి వైపు చూస్తూ నిలబడే తన రాత్రిభోజనాల వేళ గుర్తొచ్చింది. ఆ మర్నాడు కుక్కరు పెట్టి, ఫోను ముందు కూర్చుని, ఆ ఆటకి మనుషులెందుకు రాలేదో తనకి తోచింది చెప్పి నెట్‌లో పెట్టింది. పద్నాలుగు మంది విన్నారు. ఇప్పుడు మూడొందల మంది దాకా వింటున్నారు. 'ఎవరూ రాని ఆటలు' అని పేరు. మధ్యలో కుక్కరు కూత వినపడితే, "ఆగండి, ఇంకో రెండు రావాలి," అని చెప్పి మళ్ళీ మొదలుపెడుతుంది.

చెప్పడం అంటే మొహమాటం లేకుండా చెబుతుంది. ఒక యుద్ధం ఆటకి మొత్తం ముప్పై మంది వస్తే వాళ్ళని మూడు మైదానాల్లో పెట్టారట. "ముప్పై మంది చుట్టాలొస్తే మూడు ఊళ్ళలో విడిదిచ్చారు. ఎవరికి వాళ్ళు పెళ్ళికి మేమొక్కళ్ళమే వచ్చామనుకుని వెళ్ళిపోయారు," అంది. ఇంకోదాంట్లో కొత్తగా చేరినవాళ్ళని తీసుకెళ్ళి ఏళ్ళ తరబడి ఆడుతున్నవాళ్ళ ముందు నిలబెడతారు, కన్ను మూసి తెరిచేలోగా చచ్చిపోతారు. "గడపలో కాలుపెట్టిన కోడల్ని ఆ పూటే చేపల పులుసు పెట్టమని, ఉప్పెక్కువైందని నలుగురిలో అన్నట్టు. కోడలంటే వేరే దారి లేక ఉంటుంది, ఆడేవాళ్ళకేం, పోతారు," అంది. అది విని ఆడవాళ్ళు చాలామంది నవ్వుతూ రాశారు. సాల్మన్‌రాజు మాత్రం, "గెలిచిన ఆటల గురించి చెప్తే నలుగురు వింటారు. పోయినవాటికి నీ శోకమేంటి?" అన్నాడు. ఆమె ఎందుకో చెప్పబోయింది. అతను అప్పటికే టీవీ శబ్దం పెంచాడు.

ఇక ఈ పడవ ఆట పేరు 'ఎనిమిది తెడ్లు'. రావికమతం అమ్మాయి నూకరత్నం చేసింది. విశాఖలో ఏదో ఉద్యోగం చేసుకుంటూ, మూడేళ్ళ ఆదివారాలన్నీ పోసి ఒక్కతే గీసింది. ఎనిమిది మంది ఎక్కితేనే కట్టుతాడు ఊడుతుంది, ఎనిమిది మందీ తెడ్డు వేస్తేనే పడవ ఏటికి ఎదురు వెళ్తుంది. ఎనిమిది మంది ఏనాడూ ఒక్కసారి కలవలేదు. శాలిని ఎప్పటిలాగే కడిగేసింది. నేర్పించే పాఠం ఇరవై నిమిషాలేంటి? పరీక్షల నెలలో విడుదల చేయడమేంటి? "నలభై మందికి వండి వీధి తలుపు తీయడం మరిచిపోయావమ్మా. అన్నిటికంటే పెద్ద తప్పు, ఒక్కరొచ్చినా పడవ కదలాలి. కదలకపోతే వాళ్ళెందుకు కూర్చుంటారు?" చవక ఫోన్లో నడుస్తుందో లేదోనని అత్తగారి ఫోన్లో కూడా ఎక్కించి, పాఠమంతా నడిపి చూసింది. నడిచింది. ఆ మాటా న్యాయంగా చెప్పింది.

నూకరత్నం నొచ్చుకోలేదు. "అన్నీ ఒప్పుకుంటానక్కా, ఆఖరిది తప్ప. ఒక్కరితో కదిలితే అది నా ఆట కాదు," అని రాసింది. కింద ఇంకో ముక్క ఉంది. "ఆదివారం సాయంత్రం అయిదింటికి ఆట మూసేస్తన్నాను. మొదటి మలుపు దాటాక నేను గీసిన ఏరంతా ఇంతవరకు ఎవరూ సూడలేదు. మూసేటప్పుడు మీరొక్కరైనా ఉంటారా?"

శాలిని ఉంటానని మాటిచ్చింది. కూడిక కూడా ఆ సాయంత్రమే అని తెలిసి కూడా ఇచ్చింది. ఆ మలుపు వెనక ఏముందో చూడాలని ఆమెకి ఎంత ఆశగా ఉందంటే, తన మీద తనకే జాలేసింది. వెల్లుల్లి పక్కకి నెట్టి, చేతులు తుడుచుకుని, నెట్‌లో తన మాటలు వినేవాళ్ళందరినీ అడిగింది. "రేపు అయిదుకి ముందు వీలైతే రండి. గెలవడానికేం లేదు. ఒక అమ్మాయి మూడేళ్ళు గీసింది, మనం కాసేపు చూస్తాం, అంతే."

ఆదివారం వీధి వాకిట్లో షామియానా వేశారు. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక సాల్మన్‌రాజు సాక్ష్యం చెప్పడానికి లేచాడు. వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని శాలిని వింటోంది. అతను దేవుణ్ణి స్తుతించాడు. పాస్టరుగారికి వందనాలు చెప్పాడు. పై అధికారుల్ని తలుచుకున్నాడు. తన కోసం ఉపవాసాలున్న తల్లిని తలుచుకుని కళ్ళు తుడుచుకున్నాడు. "ఇక నా భార్య," అన్నాడు. శాలిని తలెత్తింది. "నా భార్య పలావు బాగానే చేసుంటాదని నమ్ముతున్నాను. తనకి ఇంకో పనుందండీ, ఎవరూ ఆడని ఆటలకి పోస్టుమార్టం చేస్తాది."

నవ్వులు. పాస్టరుగారు కూడా నవ్వారు. శాలిని కూడా నవ్వింది, నలుగురిలో నవ్వకపోతే బాగుండదని. ఆ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయి, దవడలు నొప్పెట్టాయి. గడియారం చూసింది. అయిదుకి పావుగంట తక్కువ. పలావు దమ్ము మీద ఉంది. పెరుగుపచ్చడి కలపాలి, గ్లాసులు తీయాలి, విస్తళ్ళు కడగాలి. పొయ్యి ఆపేసింది. గరిటె మూత మీద పెట్టి, ఫోను తీసుకుని పెరటి మెట్ల మీద కూర్చుంది. దొంగతనం చేసినదానిలాగ.

పడవ అక్కడే ఉంది. "ఇంకా ఆరుగురు రావాలి" అని ఉంది. పక్క పీట మీద నూకరత్నం. శాలిని చూస్తుండగానే అయిదుగురయింది. తరవాత నలుగురు. ఎవరో ఇద్దరు ఒకేసారి ఎక్కారు. ఇంకో బొమ్మ వచ్చి కూర్చుంది. "ఇంకా ఒక్కరు రావాలి" దగ్గర అంకె ఆగిపోయింది. అయిదు నిమిషాలు గడిచాయి. ఇంక ఎవరూ రాలేదు.

"శాలినీ, గ్లాసులేవి?" వీధి వైపు నుంచి సాల్మన్‌రాజు కేకేశాడు.

వెనక మెట్టు మీద నీడ పడింది. ప్రేమావతి గోడ పట్టుకుని నిలబడి ఉంది. చీవాట్లు తప్పవనుకుంది శాలిని. ఆవిడ వంగి ఫోనులోకి చూసింది. "ఒక్కరే తక్కువేటి?"

"ఒక్కరే అత్తయ్యా. అయిదింటికి మూసేస్తారు."

"ఆడు నీ మీద నలుగుర్నీ నవ్వించినప్పుడు నాకు బాగోలేదు," అంది ప్రేమావతి, సంబంధం లేనట్టు. "నన్ను తలుసుకున్నాడు, అదీ ఉపోసాలకి. ముప్పై ఏళ్ళు వండేను ఆళ్ళ నాన్నకీ ఈడికీ. ఆ వంట ఊసు ఎవుడూ ఎత్తలేదు." మెట్టు మీద కూలబడి, పాటలు వినే తన ఫోను బొడ్లోంచి తీసింది. "నువ్వు నా దాంట్లో ఎక్కించేవు కదా. ఎక్కడ నొక్కాలో బేగి సెప్పు."

శాలిని గబగబా తెరిచి ఇచ్చింది. ఎనిమిదో పీట మీద బొమ్మ కూర్చుంది. తాడు ఊడిపోయింది.

అయిదుకి ఏడు నిమిషాలుందనగా పడవ కదిలింది. మొదటి మలుపు తిరగ్గానే ఏజెన్సీ వైపు కొండల్లాంటి నీలం కొండలు, వాటి కింద జీడితోటలు. ఒడ్డున బట్టలుతికే ఆవిడ నడుం సాచి వీళ్ళ వైపు చూసింది. కాస్త ముందుకెళ్ళాక సన్నగా వాన మొదలైంది. మూడేళ్ళుగా ఎవరూ చూడని వాన. శాలినికి కళ్ళనీళ్ళు ఆగలేదు, తుడుచుకుందామంటే తెడ్డు వదలకూడదు. "అక్కా, సూస్తన్నారా," అని ఫోనులోంచి నూకరత్నం గొంతు వినపడింది.

"అమ్మా, నువ్వెక్కడ? అందరూ కూర్చున్నారు," సాల్మన్‌రాజు పెరటి గుమ్మం దాకా వచ్చి, మెట్ల మీద ఇద్దర్నీ చూసి ఆగిపోయాడు.

ప్రేమావతి తలెత్తలేదు. "గ్లాసులు అలమార్లో ఉన్నాయిరా. వడ్డన నువ్వు కానీ. నేను వదిలేస్తే పడవ నా పక్కకి తిరిగిపోతాది."

అతను భార్య మొహం చూశాడు. ఆమె కూడా తలెత్తలేదు. కాసేపటికి లోపల గ్లాసుల చప్పుడు వినిపించింది. ఒకటి పగిలింది కూడా. అయినా ఎవరూ లేవలేదు.

సరిగ్గా అయిదింటికి తెర నల్లబడింది. ప్రేమావతి వేళ్ళు విరుచుకుంటూ, "ఏటికి ఎదురెళ్ళినట్టే లేదు. అందరూ తోస్తే ఇంత తేలికేటి?" అంది.

ఆ మాట శాలిని మనసులో ముల్లులా దిగింది. అందరూ వెళ్ళాక, గిన్నెలు ముట్టుకోకుండా, పెరట్లో నూతి గట్టు మీద కూర్చుని ఆ ఆట గురించి ఆఖరి మాట చెప్పింది. "పాఠం గురించి, పరీక్షల నెల గురించి నేనన్నది నిజమే. ఒక్కరితో కదలకపోవడం తప్పన్నాను చూడండి, అది మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్కత్తి తోస్తే కదిలే పడవ నాకు బాగా తెలుసు. నాలుగేళ్ళుగా తోస్తున్నాను. అది కదులుతూనే ఉంది కాబట్టి ఇంకెవరూ తెడ్డు ముట్టుకోలేదు. నూకరత్నం, నువ్వు మళ్ళీ తెరువు. ఈసారి పాఠం నేను రాస్తాను, రెండు నిమిషాల్లో అయిపోతుంది." పంపిన కాసేపటికి జవాబొచ్చింది. "ఎప్పుడు మొదలెడదామక్కా?"

సోమవారం ఉదయం సాల్మన్‌రాజు పేపరు పట్టుకుని వంటింట్లోకి తొంగిచూశాడు. పాలు గిన్నెలో ఉన్నాయి. టీపొడి డబ్బా మూత తీసి ఉంది. పొయ్యి వెలగలేదు. శాలిని పీట మీద తీరిగ్గా కూర్చుని ఉంది. పక్కన ఇంకో రెండు పీటలు వేసి ఉన్నాయి.

"ఏంటి, ఒంట్లో బాగోలేదా? టీ ఇంకా అవలేదేం?"

"అవుతుందండీ," అంది శాలిని. "ఇంకా ఇద్దరు రావాలి."

అతనికి అర్థం కాలేదు. హాస్యమనుకుని నవ్వబోయాడు, ఆమె నవ్వలేదు. ఈలోగా ప్రేమావతి గోడ పట్టుకుని మెల్లగా వచ్చి, అమ్మా అని మూలుగుతూ ఒక పీట మీద కూర్చుని, అల్లం ముక్క చేతిలోకి తీసుకుంది.

శాలిని లెక్క సరిచేసింది. "ఇంకా ఒక్కరు రావాలి."