జల్దేం లేదు

బేగంపేట విమానాశ్రయం బయటికి వచ్చేసరికి పొద్దున ఎనిమిదిన్నర. సుల్తానాబాద్ చేరడానికి ఆశీర్వాదం ముందు మూడు దారులున్నాయి. టాక్సీ మాట్లాడుకోవచ్చు. ఆటోలో జూబ్లీ బస్టాండుకు పోయి గోదావరిఖని బస్సెక్కితే సుల్తానాబాద్‌లోనే దిగొచ్చు. అదీ కాదంటే విమానంలో పక్క సీట్లో కూర్చుని వచ్చిన హనుమండ్లు కోసం వాళ్ల ఇంటివాళ్లు తెచ్చిన జీపుంది. ఏదెక్కినా మధ్యాహ్నం రెండు, రెండున్నరకల్లా ఊళ్లో ఉండొచ్చని లెక్క వేసుకున్నాడు. నాలుగింటికి వాళ్ల అవ్వను మట్టి చేస్తారు.

ముందురోజు మస్కట్‌లో కంపెనీ ఆఫీసుకు చెల్లెలి మొగుడు అహరోను ఫోన్ చేశాడు. "అవ్వ పోయింది బావా. ఐసు మీద పెట్టినం. సోమవారం నాలుగింటి దాంక ఆపుతం, ఎండలు మండుతున్నయి, గంతకు మించి ఆగది. మొదటి మన్ను ఒక్క కొడుకువు నువ్వే వెయ్యాలె" అన్నాడు. సేటు దయగలవాడై ఆ రాత్రికే టికెట్టు ఇప్పించాడు.

ఆశీర్వాదం చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే టాక్సీ వాడి మీద అరిచి, ఇద్దరిని తోసుకుని ఎట్లనో ఒకట్ల చేరేవాడు. వీడికి పుట్టుకతో వచ్చిన రోగం మొగమాటం. నలభై రెండేళ్లొచ్చినా తగ్గలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, మగ్దలేనమ్మ ఈ కొడుక్కు అడక్కుండానే పెట్టేది, అడగడని తెలుసు గనక. చిన్నప్పుడు చర్చిలో పండుగ బంతిలో వీడి విస్తరిలో కూర పడకపోతే పడలేదని చెప్పేవాడు కాదు, వట్టి అన్నం తిని లేచొచ్చేవాడు. "నోట్లె నాలుకున్నది ఎందుకురా?" అని తిట్టి ఇంట్లో మళ్లీ పెట్టేది.

టాక్సీ డ్రైవరు వీడి ముఖం చూడగానే అడిగాడు. "ఏం సాబ్, పరేషాన్ ఉన్నవ్. ఇంట్ల ఏమన్న అయిందా?"

"ఏం కాలే" అన్నాడు ఆశీర్వాదం. పరాయివాడి ముందు అవ్వ సావు మాట నోట్లోకి రాలేదు. ఈలోగా హనుమండ్లు వచ్చి చేతిలోని సంచి లాక్కున్నాడు. "టాక్సీ ఎందుకే అన్నా, మనది వేములవాడ పక్కనే. కరీంనగర్ మీదికెల్లి మా డ్రైవరు కొండల్ నిన్ను ఇంటి ముంగట దింపుతడు. నువ్వు బస్సుల పోతే నా ఇజ్జత్ ఏం కావాలె?"

జీపుకు బంతిపూల దండలు కట్టి ఉన్నాయి. హనుమండ్లు తల్లి శంకరవ్వ కొడుకు గడ్డం పట్టుకుని ఏడుస్తూ నవ్వుతోంది. భార్య కొంగు పట్టుకుని అయిదేళ్ల పిల్ల నిలబడింది, తండ్రిని చూడడం దానికి అదే మొదలు. ఈ సంబరం మధ్యలో నిలబడి నేను సావింటికి పోతున్నానని ఎట్లా చెప్పేది? పైగా దారిలోనే వాళ్ల మొక్కుంది. కొడుకు క్షేమంగా వస్తే గడప తొక్కకముందే వేములవాడ రాజన్నకు కోడె కట్టిస్తానని శంకరవ్వ మొక్కుకుంది. కోడెదూడను పట్టుకుని గుడి చుట్టూ తిరిగి అప్పజెప్పే మొక్కు అది. సావుకబురు మోసుకొచ్చినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటే అంటు తగిలినట్టే. ఇది ఆశీర్వాదానికి తెలుసు. తమ ఇంట్లో పట్టింపు లేకపోయినా ఊళ్లో అందరి మధ్య పెరిగినవాడు. ఆ మొక్కు ముందా, తనను దింపడం ముందా అని మాత్రం అడగలేదు.

జీపు కదిలింది. శంకరవ్వ వీణ్ణి పక్కనే కూర్చోబెట్టుకుంది. "నీకు అవ్వ ఉన్నదా బిడ్డా?"

"ఉన్నది."

"పానం ఎట్లున్నది?"

"మంచిగున్నది."

"పండ్లున్నయా?"

"లేవు. అన్నం మెత్తగ పిసుక్కొని తింటది" అన్నాడు. ముఖం అటు తిప్పుకున్నాడు. ముసలామె చూడలేదు, మనవరాలి జుట్టు సర్దుతోంది.

నిజం చెప్పాలంటే ఆ రెండు గంటలు వీడికి కొంచెం సుఖంగానే ఉంది. అడిగిన ప్రతిసారీ అవ్వ మంచిగున్నదని చెబుతుంటే, నిజంగానే వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఎదురుచూస్తున్నట్టే అనిపించింది. మనిషి మనసుకు అంత సిగ్గులేదు.

సిద్దిపేటలో చాయ్‌కి ఆగారు. హోటలు ముందే గోదావరిఖని బస్సు ఆగి ఉంది. కండక్టరు "కరీంనగర్, సుల్తానాబాద్, పెద్దపల్లి" అని అరుస్తున్నాడు. టైము పదకొండున్నర. కొండల్ స్టీరింగు మీద చెయ్యేసి అడిగాడు. "సీదా కరీంనగర్ పోయి అన్నను ముందుగాల దింపొద్దామా? లేకుంటే సిరిసిల్ల మీదికెల్లి గుడికి పోదామా? సోమవారం, లైను మస్తుంటది మరి."

అందరూ ఆశీర్వాదం వైపు చూశారు. హనుమండ్లు అడిగాడు. "నీకు జల్దేమన్న ఉన్నదా అన్నా? ఉంటే చెప్పు, నిన్నే ముందు దింపుతం."

అడుగు దూరంలో బస్సు. నాలుక చివర మాట. చెబితే సరిపోయేది. అప్పుడే ఆ చిన్నపిల్ల మొదటిసారిగా తండ్రి ఒళ్లోకి ఎక్కి కూర్చుంది. శంకరవ్వ కళ్లు తుడుచుకుంటోంది.

"జల్దేం లేదు" అన్నాడు ఆశీర్వాదం. బస్సు హారను కొట్టి వెళ్లిపోయింది.

వేములవాడలో లైను గుడి దాటి బజారు దాకా ఉంది. వీడు జీపులోనే కూర్చున్నాడు. రెండయింది. మూడయింది. దిగి బస్సు పడదామని రెండుసార్లు కాలు కింద పెట్టాడు, సామాను హనుమండ్లు పెట్టెల అడుగున ఉందని, చెప్పకుండా పోతే ఏమనుకుంటారోనని మళ్లీ పైకి లాక్కున్నాడు. మొగమాటానికి పోతే మొదటికే మోసం అని తెలియక కాదు. నాలుగింటికి హనుమండ్లు కోడె తాడు పట్టుకుని గుడి చుట్టూ తిరుగుతున్నాడు. ఆశీర్వాదం గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు.

తర్వాత వాళ్ల ఊరు, హారతి, భోజనం. తినకుండా పోతే ఊరుకోరు. కక్కలేక మింగలేక రెండు ముద్దలు తిన్నాడు. శంకరవ్వ ఈలోగా రొట్టె నలిపి, బెల్లం, నెయ్యి వేసి మలీద ముద్దలు కట్టి బట్టలో మూట కట్టింది. "పండ్లు లేనోళ్లకు మంచిగుంటది. మీ అవ్వకు నా చేతుల్తోనే పెట్టొస్త, పా" అని తానే జీపెక్కింది. వద్దని చెప్పడానికి వీడికి నోరెక్కడిది?

సుల్తానాబాద్‌లో ఇంటికి తాళం. పక్కింటాయన అంతయ్య శ్మశానం వైపు చెయ్యి చూపించి, దండల జీపు వైపు వింతగా చూశాడు. కొండల్ బండి తిప్పాడు. అక్కడికి చేరేసరికి ఆరున్నర. జనం వెళ్లిపోయారు. తడి మట్టి మీద చిన్న కర్ర శిలువ పాతి ఉంది. అహరోను పార కడుగుతున్నాడు. చెల్లెలు సత్తవ్వ లేచి వచ్చి అన్న మీద పడలేదు, దూరంగానే నిలబడింది.

"అయిదున్నర దాంక ఆగినం అన్నా. ఐసు మొత్తం కరిగింది. గోదావరిఖని బస్సు వచ్చినప్పుడల్ల నేను రోడ్డు మీదికి ఉరికిన. పన్నెండు బస్సులు చూసిన. ఒక్కదాంట్ల కూడ నువ్వు లేకపోతివి. ఆఖరుకు మీ బామ్మర్ది ఏసిండు మన్ను."

వెనక జీపు దిగిన శంకరవ్వ మూట పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. ఎవరూ విడమర్చి చెప్పకుండానే ఆమెకు అంతా తెలిసిపోయింది. వచ్చి ఆశీర్వాదం భుజం పట్టి ఊపింది.

"పొద్దుగాల కెల్లి నా పక్కకే కూసున్నవ్ కద కొడుకా! ఒక్క మాట. ఒక్క మాట చెప్పకపోతివి. దేవుడు గుడి ఇడిచి యాడికన్న పోతడా? కోడె రేపు కట్టకపోదుమా? అవ్వ మొఖం రేపు దొరుకుతదారా నీకు?"

కొండల్ జీపుకున్న దండలు ఒక్కొక్కటే తెంపి పక్కన పెడుతున్నాడు. శంకరవ్వ మట్టి పక్కనే కూలబడి మూట ఒళ్లో పెట్టుకుంది. ముడి విప్పలేదు.

ఆశీర్వాదం మోకాళ్ల మీద కూర్చున్నాడు. అందరూ వేసేసిన మట్టి మీద తాను కూడా ఒక పిడికెడు వేశాడు. అది ఎక్కడ పడిందో ఆనవాలు కూడా తెలియలేదు. అప్పుడు, సిద్దిపేట నుంచి గొంతులో కూర్చున్న మాట, ఏ మనిషికీ పనికిరాని వేళకు బయటికొచ్చింది.

"జల్దున్నదే" అన్నాడు మట్టితో. "నాకు జల్దున్నదే అవ్వా. జర జల్ది పోనియ్యున్రి."