గేరు మీద చెయ్యి

లారీ ఇంటికొచ్చిన ప్రతిసారీ ఆ తల్లి ముందుగా చేసే పని, సీట్ల వెనక ఉన్న పడక మీది పరుపును కిందికి లాగి గోడకు ఆనించి ఎండబెట్టడం. కొడుకు స్నానానికి వెళ్ళేలోపే తలుపు పక్క కడ్డీ పట్టుకుని కేబిన్‌లోకి ఎక్కేసేది. దుప్పట్లు ఉతికేది, అద్దాలు తుడిచేది, సీటు కింద చెయ్యి పెట్టి మరీ ఊడ్చేది. అన్నీ లొంగాయి గానీ ఆ పరుపు మాత్రం ఆవిడకు లొంగలేదు. దాని మధ్యలో ఒక గుంట ఉంది. ఎవరో ఒత్తిగిలి పడుకున్న ఆకారం. కొడుకు చూస్తే రివటలా ఉంటాడు. గుంటేమో వెడల్పాటి భుజాలున్న మనిషిది. కర్రతో బాదింది. కుట్లు విప్పి దూది కూరింది. తిరగేసి వేసింది. మళ్ళీ ట్రిప్పు వెళ్ళొచ్చేసరికి గుంట అక్కడే, అలాగే.

బండీ కంపెనీదే, పరుపూ కంపెనీదే, మనకంటే ముందు ఎవడో పడుకునుంటాడు, దానికింత రాద్ధాంతం ఎందుకని కొడుకు తేల్చేశాడు. మరి ఆ ముందున్నవాడు ఏమయ్యాడని అడిగింది. వదిలేసి వెళ్ళిపోయాడని ఆఫీసులో చెప్పారట. ఆ మాట ఆవిడకు ముల్లులా దిగబడింది. వదిలేసింది బండినా, ఇంకేమన్నానా?

కొడుకు ఆ లారీని లీజుకు తీసుకున్నాడు. నెలనెలా కంపెనీకి కట్టుకుంటూ పోతే చివరికి బండి అతని సొంతమవుతుంది. సరుకు కంపెనీయే ఇస్తుంది, దారి కూడా కంపెనీయే చెబుతుంది. ఫోన్‌లో ఒక నీలం గీత వస్తుంది. ఆ గీత ఎంత పొడవుంటే అంతకే డీజిలు. అంతకు మించి తాగితే డ్రైవరు జేబులోంచి. చుట్టూ తిరిగివచ్చే చదును రోడ్డు ఒకటి ఉంది గానీ దూరమని కంపెనీ ఒప్పుకోదు. గీత ఎప్పుడూ కొండ మీదుగానే పోతుంది. కొండ ఎక్కడంలోనే బండి గుటకలేసి తాగేస్తుందని తోలేవాళ్ళందరికీ తెలుసు. రూటు వేసే ఆయన మాత్రం తన కంప్యూటరు అలా అనడం లేదంటాడు.

అమ్మ గంటగంటకీ ఫోన్ చేస్తోందని, లారీ ఎక్కడుందో చూపించే చుక్కను కొడుకే ఆవిడ ఫోన్‌లో పెట్టించాడు. ఇక పట్టపగ్గాలుంటాయా. కూర తరుగుతూ చుక్కే, నీళ్ళు పడుతూ చుక్కే. వరండాలో మిషను కుట్టుకునే భర్త, వాడు లారీని తోలుతుంటే నువ్వు వాణ్ణి తోలుతున్నావే అని ఎగతాళి చేసేవాడు. ఆవిడ పట్టించుకునేది కాదు. చుక్క పక్కన ఒక అంకె ఉండేది, బండి వేగం. కొండ ఎక్కుతున్నంతసేపూ ఆ అంకె నత్తలా పాకేది. పైనుంచి దిగడం మొదలవగానే ఎర్రబడిపోయేది. ప్రతి ట్రిప్పులోనూ అదే వాలు, అదే ఎరుపు. అంత బరువేసుకుని దిగేటప్పుడు ఎవరైనా నెమ్మదిగా దిగుతారుగా? ఎవరో వెనకనుంచి తరుముతున్నట్టు ఆ పరుగేమిటి? అది మళ్ళీ నల్లగా మారేదాకా ఆవిడకు గుటక దిగేది కాదు.

ఒకరోజు కొడుకు లోపల నిద్రపోతున్నాడు. ఆవిడ పరుపు ఎండేసి వచ్చేసరికి లారీ దగ్గర ఎవరో ఆడమనిషి నిలబడి ఉంది. దాదాపు తన వయసే. ఒక చేతిలో గుడ్డసంచి, రెండో చెయ్యి డ్రైవరు వైపు తలుపు మీద. తలుపు కింది అంచున రంగు వేసినా పోని సొట్ట ఒకటి ఉంది. దాన్ని వేళ్ళతో తడుముతోంది. కంపెనీ మనిషేమో, బండి లాక్కుపోవడానికి వచ్చారేమో, కొడుకు ఎవరినైనా గుద్దేసి ఇంట్లో చెప్పలేదేమో. ఈవిడ అడుగు అడుగుకీ ఒక భయం పుట్టించుకుంటూ దగ్గరికి వెళ్ళింది.

ఆమె మాత్రం తడబడలేదు. "నెంబరు చూసి ఆగానక్కా. రంగు మార్చారు గానీ నెంబరు మార్చలేదు. ఇది మా వాడి బండి" అంది.

ఇద్దరూ గోడ నీడలో కూర్చున్నారు. వచ్చినావిడ మంచినీళ్ళు తాగి, ఏడవకుండానే చెప్పుకొచ్చింది. ఆమె కొడుకూ ఇదే కంపెనీలో, ఇదే లీజు మీద, ఇదే కొండ దారిన తోలేవాడట. ఎక్కేటప్పుడు తాగిన డీజిలును దిగేటప్పుడు రాబట్టుకోవాలని, పైకి చేరగానే గేరు తీసేసి న్యూట్రల్‌లో వదిలేసేవాడట. బండి తన బరువుకు తనే జారుతుంది, ఇంజను ఊరికే గుర్రుమంటూ ఉంటుంది, డీజిలు మిగులుతుంది. లీజు బళ్ళవాళ్ళు చాలామంది చేసే పనే. కానీ గేరులో ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. గేరు తీసేస్తే ఆ బరువంతా బ్రేకుల మీదే. ఒకరోజు అవి కాలి చచ్చుబడ్డాయి. మంచులో మలుపు తిరగలేదు. ముందు భాగం నలిగినా బండి బతికింది. అద్దాలు మార్చి, రంగేసి, కంపెనీ మళ్ళీ లీజుకిచ్చింది.

"పరుపు మాత్రం మార్చలేదు," అంది ఆమె, గోడకు ఆనించిన దానికేసి చూస్తూ. "నీ కొడుకుని కనిపెట్టి ఉండక్కా" అని లేచింది. బజారు వెనక రంగుల దుకాణం మేడ మీదే ఉంటానని చెప్పి వెళ్ళిపోయింది.

ఎర్రబడే అంకెకు అర్థం అప్పుడు తెలిసింది. కొడుకు లేచి మొహం కడుక్కుని కూర్చోగానే తల్లి ఎదురుగా నిలబడింది. న్యూట్రల్‌లో దించుతున్నావా లేదా, ఒక్క మాట చెప్పమంది. అతను ముందు నవ్వాడు. తర్వాత విసుక్కున్నాడు. ఆవిడ కదల్లేదు. చివరికి గోడకేసి చూస్తూ అన్నాడు: "నేనేం తియ్యట్లేదమ్మా. ఆ వాలులోకి రాగానే గేరు దానంతటదే జారిపోతోంది. పాత బండి కదా."

వాడు తీస్తున్నాడంటే తిట్టి మాన్పించొచ్చు. దానంతటదే జారుతోందంటే? ఆ పూటంతా ఆవిడ కళ్ళ ముందు గేరు కర్ర ఒక్కటే. దాని తలకాయ మీది నల్లటి గుండు ఒకవైపు నున్నగా అరిగి ఉంటుంది, తుడిచినప్పుడల్లా చూసేది. అంతలా అరగదీసింది తన కొడుకు చెయ్యి కాదు.

మర్నాడు లోడు ఎత్తుకుని బయల్దేరే వేళకు ఆవిడ శాలువా కప్పుకుని వచ్చి పక్క సీట్లో కూర్చుంది. కంపెనీ బండిలో బయటివాళ్ళు ఎక్కకూడదని కొడుకు మొత్తుకున్నాడు. నన్ను దింపాలంటే నువ్వే ఎత్తి దింపాలి, ఒళ్ళు బరువు, చూసుకో అంది. భర్త మిషను ఆపి వచ్చి కొడుకుతో, "ఓవర్‌లోడ్ కేసు రాస్తార్రా" అన్నాడు. నవ్వింది ఆయన ఒక్కడే.

కొండ ఎక్కేసరికి మధ్యాహ్నమైంది. ఎండ ఉండాల్సిన వేళ, తెల్లటి మంచు రోడ్డు మీద పరుచుకుని ఉంది. అద్దం లోపలివైపు ఆవిరి పడుతోందని కొడుకు కిటికీ దించాడు. చలి కత్తిలా లోపలికి వచ్చింది. ఇంజను రొప్పుతోంది, డీజిలు ముల్లు కిందికి వాలుతోంది. కొడుకు దాన్ని చూస్తున్నాడు, తల్లి కొడుకుని చూస్తోంది. పైకి చేరాక బండి ముక్కు కిందికి వంగింది. అతని ఎడమ చెయ్యి అలవాటుగా గేరు మీదికి వెళ్ళబోయి ఆగింది. ఆ ఆగడంలో ఆవిడకు అంతా తెలిసిపోయింది. అబద్ధం చెప్పాడన్నమాట. ముందుకు వంగి గేరు కర్రను రెండు చేతులతో పట్టుకుంది.

"అమ్మా, వదులు. చెయ్యి నలుగుతుంది."

"నలగనీ. జారుతుందన్నావుగా, జారకుండా పట్టుకుంటా."

మొదటి మలుపు దాటారు. తక్కువ గేరులో ఇంజను గట్టిగా మూలుగుతూ బండిని పట్టి దింపుతోంది. రెండో మలుపు దగ్గర, రోడ్డు పక్క రాతి కట్ట ఒకచోట కొత్త సిమెంటుతో తెల్లగా మెరిసింది. అక్కడే కర్ర కదిలింది. ముందు సన్నగా వణికింది. తర్వాత ఆవిడ చేతుల్లో బతికున్నదానిలా పెనుగులాడింది. బరువు, ఒక మగవాడి బలమంత బరువు. భుజాల దాకా నొప్పి పాకింది. అంత చలిలోనూ చేతుల వెనకభాగం వెచ్చగా ఉండటం ఆవిడకు తెలుస్తూనే ఉంది.

"నువ్వేనా కదుపుతోంది?" అంది.

కొడుకు రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. "అమ్మా, నేను అబద్ధం చెప్పాను. నేనే తీసేవాణ్ణి. అది తనంతట తను ఎప్పుడూ కదల్లేదు."

ఆవిడకు కేక రాలేదు. నోట్లోంచి వచ్చిన మాట, జ్వరంతో పలవరించే బిడ్డకు చెప్పే మాటలాంటిది. ఉండు నాన్నా, అయిపోయింది, దిగిపోతున్నాం, వచ్చేశాం. అదే మాట అంటూనే ఉంది. వాలు అయ్యేదాకా కర్ర పెనుగులాడుతూనే ఉంది, గేరు మాత్రం ఊడలేదు. చదునైన రోడ్డు తగలగానే కర్రలో పట్టు సడలింది. చేతుల వెనక వెచ్చదనమూ పోయింది. కొడుకు బండి పక్కకు తీసి ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. తల్లి వేళ్ళు విప్పుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఇంటికొచ్చాక ఆవిడ అన్నం సరిగా తినలేదు. ఆ చచ్చినవాడు తన కొడుకుని కూడా లాక్కుపోవాలని చూస్తున్నాడన్నదే బుర్రలో తిరుగుతోంది. రెండు పూటలు ఓర్చుకుని, రంగుల దుకాణం మేడ వెతుక్కుంటూ వెళ్ళింది. ఆ చిన్న గదిలో మంచం, పొయ్యి, కిటికీకి ఆరేసిన ఒక మగవాడి చొక్కా. చూడగానే ఎంతోకాలంగా ఎవరూ తొడుక్కోనిదని తెలుస్తోంది, అయినా ఉతికి ఆరేసి ఉంది. దాని భుజాలు వెడల్పుగా ఉన్నాయి.

జరిగింది చెప్పింది. తిట్టడానికే వచ్చింది గానీ చివరికి బతిమాలింది. "నీ కొడుకు గేరు లాగేస్తున్నాడమ్మా. వాడికి చెప్పు. నా వాణ్ణి వదిలెయ్యమను."

ఆ తల్లి అడిగింది. "లాగాడా అక్కా, తోశాడా?"

ఈవిడకు అర్థం కాలేదు.

"వాణ్ణి బయటికి తీసినవాళ్ళు చెప్పారు. బ్రేకులు పోయాయని తెలిశాక గేరు వేద్దామని చూశాడట. అంత వేగంలో పడదట కదా. వాడి చెయ్యి గేరు మీదే బిగుసుకుపోయి ఉందట, ముందుకు తోస్తూ." ఆమె తన కుడిచేత్తో ఎడమచేతిని కప్పి గట్టిగా నొక్కి చూపించింది. "చివరిదాకా తోస్తూనే ఉన్నాడు."

ఈవిడ తన చేతులకేసి చూసుకుంది. అరచేతుల్లో గేరు గుండు ఒత్తుకున్న కమిలిన మచ్చ ఇంకా పోలేదు. లాగేస్తుంటే చేతులు వెనక్కి రావాలి. వెనక్కి రాలేదు. పైనుంచి, తన వేళ్ళ మీదుగా నొక్కి ఉంచిన బరువది. వెచ్చగా. కర్ర జారబోతోందని ఆవిడ అనుకుంది. అసలది జారకుండా పట్టింది తను ఒక్కతే కాదేమో.

ఇద్దరూ మంచం అంచున పక్కపక్కన కూర్చున్నారు. చనిపోయినవాడి తల్లి ఇంకేమీ అడగలేదు, వాడి చెయ్యి వెచ్చగా ఉందా అని తప్ప. ఉందని చెప్పింది.

ఆ తర్వాత కొడుకు ఆ వాలులో గేరు తియ్యలేదు. చుక్క పక్క అంకె ఇక ఎర్రబడలేదు. డీజిలు ప్రతిసారీ గీత దాటింది, బండి సొంతమయ్యే రోజు దూరం జరుగుతూ పోయింది, తల్లి దానికి నోరెత్తలేదు. నీ బండి ఈమధ్య మరీ తాగుతోందేంటయ్యా అని రూటు వేసే ఆయన నిలదీస్తే కొడుకు, "ఇద్దరం తోలుతున్నాం కదా సార్, అందుకే" అన్నాడట. ఆయన జోకనుకుని నవ్వాడట.

లారీ వచ్చిన ప్రతిసారీ ఆవిడ ఇప్పటికీ పరుపు దించి ఎండేస్తుంది. దుమ్ము దులుపుతుంది, దుప్పటి మారుస్తుంది. కర్రతో బాదడం, దూది కూరడం మానేసింది. సాయంత్రం పరుపును తిరిగి పడక మీద పరిచేటప్పుడు గుంటను గుంటలాగే ఉంచి, కొడుకు దుప్పటిని గోడవైపుకు జరిపి వేస్తుంది. వాడు సన్నగానే ఉంటాడు, పక్కకు సర్దుకుంటాడు.