పనిదొంగ అన్న మాట

తెలంగాణ సరిహద్దున, నాందేడ్ జిల్లా భోకర్ దగ్గరి పత్తి చేలలో ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే కూలీల ముఠా అంతా గట్టు మీద నిలబడి తలా ఒక సాలు పట్టుకుంటుంది. ఏరుకుంటూ అందరూ కలిసి అవతలి గట్టుకు చేరాలి. వెనకబడినవాళ్ల సాలును పక్కవాళ్లు ఏరిపెట్టాల్సి వస్తే ఆ ఇంటికది నామోషీ. ముఠాను నడిపే ముకద్దం ఆ ఇంటివాళ్లను మళ్లీ పిలవడానికి వెనకాముందాడుతాడు. సెంటు భూమి లేని ఇంటికి రెక్కలు తప్ప వేరే పరపతి ఏముంటుంది?

రామదాస్, శివవ్వల కూతురు కాజల్‌కు పదకొండేళ్లు. బడికి దీపావళి సెలవులని తల్లిదండ్రులతో పాటు చేనికి వచ్చింది. సగం సాలు కాకముందే చేతులు దించేసి మట్టిలో కూర్చుండిపోయింది.

"లేసి ఏరు. నీకన్న చిన్నోళ్లు గట్టు కాడికి పోయిండ్రు," అన్నాడు ముకద్దం నాగనాథ్.

"చేతులు లేస్తలేవు కాకా."

"గా మాటన్న జర నవ్వుకుంట చెప్పరాదు? మొహం గట్ల బిగవట్టుకుంటె ఎవలు పిలుస్తరు పనికి? పనిదొంగ!"

ఆ మాట పక్క సాలులో ఉన్న రామదాస్ చెవిన పడింది. వచ్చి, అందరూ చూస్తుండగా పిల్ల వీపు మీద రెండు దెబ్బలు వేశాడు. చదివే మీకు అతని మీద కోపం రావచ్చు. రావాల్సిందే. కానీ అతను కొట్టింది కోపంతో కాదు, భయంతో. ఆ పేరు ఒకసారి ఇంటికి అంటుకుంటే పొయ్యి వెలగదని అతనికి తెలుసు. తాతల కాలం నుంచీ ఆ కుటుంబాన్ని అదిలించి పని చేయించిన మాట అదే. ఇప్పుడు అదే మాటతో అతను తన బిడ్డను అదిలిస్తున్నాడు.

ఇంటికొచ్చాక శివవ్వ పిల్ల వీపుకు నూనె రాస్తూ, "నువ్వన్న జర నవ్వుమొహం పెట్టొద్దా బిడ్డా, గంత మొండితనమేంది?" అంది.

"నేను నవ్వుతనే ఉన్న అవ్వా. మొహానికి అస్తలేదు."

చంటిపిల్లప్పుడు కాజల్ పాలు పీల్చలేక అలిసిపోయేది. మెడ నిలబడడానికే ఏడాది పట్టింది. అవన్నీ గుర్తొచ్చి, శివవ్వ నాందేడ్ పెద్ద దవాఖానలో చూపిద్దామని మొగుణ్ణి అడిగింది.

"ఏమని చెప్తవ్ ఆడ? జెరం లేదాయె, దెబ్బ లేదాయె. పని చాతగాదని దవాఖానకు పోయినోడు మనల ఎవడన్న ఉన్నడా? నేను గూడ చిన్నప్పుడు బక్కగనే ఉంటి. బరువులు మోస్తె కండ పడ్డది," అన్నాడు రామదాస్.

తన శరీరం మటుకు అతను చెప్పింది నిజమే. ఆ నిజాన్నే బిడ్డకు మందు చేశాడు. రోజూ పొద్దున రెండు బిందెల నీళ్లు మోయించాడు. బిందె జారిపడ్డ రోజు మళ్లీ నింపి ఎత్తించాడు. కండ పడలేదు సరికదా, కాజల్‌కు కూర్చున్న చోటి నుంచి లేవడానికి గోడ ఆసరా కావలసి వచ్చింది.

చలికాలంలో పట్టుకున్న పడిశం ఛాతీలోకి దిగింది. పిల్ల గట్టిగా దగ్గలేకపోయింది, ఊపిరి సగంలోనే ఆగిపోతోంది. అప్పుడు నాందేడ్ తీసుకుపోయారు. అక్కడి డాక్టర్ దమయంతి, రైల్వే ఉద్యోగంతో తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన తెలుగింటి పిల్ల. ముక్కుకు గాలి మాస్కు పెట్టించింది. తొడ కండలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. నాలుగు మాటలు మాట్లాడే ఓపిక వచ్చిన రోజున కాజల్ ఆమెను ఒకటే అడిగింది.

"డాక్టరమ్మా, నేను పనిదొంగనా? పరీక్షల ఏమొస్తె అది మా బాపుకు చెప్పుండ్రి."

ఫలితం వచ్చాక దమయంతి తల్లిదండ్రులిద్దరినీ కూర్చోబెట్టింది.

"కండలో ఆక్టిన్ అనే సన్నటి పోగులుంటాయి. అవి లాక్కుంటేనే చెయ్యి లేస్తుంది. ఆ పోగుల పొడవెంత, ఎప్పుడు పట్టు బిగించాలి, ఎప్పుడు వదలాలి అని చూసే ప్రొటీన్లు వేరే ఉన్నాయి. ఒంట్లో ప్రతి కణం ఆకారం నిలబడేది ఇలాంటి ఏర్పాటు మీదే. మంచానికి నులక ఒక్క తీరుగా బిగిస్తేనే గదా బరువాగుతుంది? మీ పాపకు ఆ బిగించే ప్రొటీన్లలో ఒకదాంట్లో పుట్టుకతోనే లోపం. పోగులు చెదిరి, కండలో కడ్డీల్లా గడ్డకట్టాయి. చేతుల్లో, మొహంలో, ఊపిరి లాగే కండల్లో కూడా అదే."

"మరి బరువు మోస్తె కండ పడదా?" అడిగాడు రామదాస్.

"మీకు పడింది. ఈమెకు అలుపే మిగిలింది. దీన్ని పూర్తిగా మాన్పే మందు లేదు. కానీ ముందే తెస్తే ఊపిరికి సాయం పెట్టేవాళ్లం, పడిశం ఛాతీకి దిగకుండా చూసేవాళ్లం. చాలా ఏళ్లు బతికేది. ఇప్పుడు ఊపిరి లాగే కండలు పూర్తిగా అలిసిపోయాయి, ఆశ తక్కువ. ఈ రోగం రావడం ఎవరి తప్పూ కాదు రామదాస్."

రామదాస్ బిడ్డ మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. "నువ్వు పనిదొంగవు కావు బిడ్డా. డాక్టరమ్మ చెప్పింది. నాకు తెల్వకపాయె," అన్నాడు. కాజల్ కళ్లు అతని వైపు తిరిగాయి. మొహంలో ఏమీ కదల్లేదు. బిడ్డ సంతోషపడిందో, క్షమించిందో, దెబ్బలే తలచుకుందో ఆ తండ్రికి ఎలా తెలుస్తుంది? మూడో రోజు కాజల్ ఊపిరి ఆగిపోయింది.

పది రోజులయ్యాక నాగనాథ్ ఇంటికి వచ్చాడు. చెడ్డవాడు కాదు, ఓదార్చడానికే వచ్చాడు. "రేపటి సంది చేనికి రా రామదాస్. ఇంట్ల కూసుంటె దుఃఖం పోతదా? మన అసొంటోళ్లకు రెక్కలే గదా ఆధారం," అన్నాడు.

"అస్త అన్నా. రాకుంటె ఎట్ల గడుస్తది?" అన్నాడు రామదాస్. గుడిసె ముందు నలుగురూ ఉన్నారు. అందరికీ వినబడేట్టు అన్నాడు: "రోగం ఎవలి తప్పు గాదన్నది డాక్టరమ్మ. గని కొట్టింది నేను, బిందెలు ఎత్తించింది నేను. అది నా తప్పే. మీరు పెట్టిన పేరును నమ్మిన గని, నా బిడ్డ నోటి మాటను నమ్మలే. మీ ఇండ్లల్ల గూడ పిల్లలున్నరు. నాతోని అయితలేదు అని పిల్ల చెప్తె పనిదొంగ అనకుండ్రి, ఆ మాట నమ్ముండ్రి, నా లెక్క ఆలిశం చెయ్యకుంట దవాఖానకు తీస్కపోండ్రి."